నెమ్మదిగా నేర్చిన దెబ్బ

దూరము నుండి చూచేవారికి గోల్ఫు ఆటలో కష్టమేమున్నదో తోచదు. బంతి కదలదు. దానిని మన మీదికి విసిరేవాడు లేడు. క్రికెట్టులో వలె ఎదుటివాని ఎత్తులు కనిపెట్టవలసిన పని లేదు. టెన్నిసులో వలె అటునిటు పరుగెత్తవలసిన అగత్యము లేదు. పచ్చిక మీద కోడిగ్రుడ్డు కంటె చిన్నదైన తెల్లని బంతి ఒకటి తన మానాన తాను కూర్చుండి ఉంటుంది. ఆటగాడు కర్ర పుచ్చుకొని, తోచినంతసేపు నిలిచి, తనకు ఇష్టము వచ్చినప్పుడు కొట్టవచ్చును. మన పల్లెలలో బిళ్ళంగోడు ఆడే కుర్రవాడు గాలిలోకి ఎగిరిన బిళ్ళనే గురి తప్పక కొట్టుచుండగా, నేల మీద కదలక మెదలక ఉన్న బంతిని కొట్టుట ఎంత పని అనిపించును. అయినను ఈ కదలని బంతి మూలముగా నిద్రాహారములు మానుకొన్నవారు శతాబ్దుల తరబడి ఉన్నారు. బంతి కదలదు గనుకనే తప్పు ఎవరి మీదికి నెట్టుటకును వీలు లేదు. ఈ ఆటలోని బాధ అంతయు ఇక్కడనే ఉన్నది.

ఆట పుట్టినిల్లు స్కాట్లండు అని చెప్పుకొందురు. పుట్టుక విషయములో హాలండు వారికి కొంత తగవు ఉన్నది గాని, దానిని మనము ఇప్పుడు తేల్చబోము. 1457లో, రెండవ జేమ్సు రాజ్యము చేయు కాలమున, స్కాట్లండు పార్లమెంటు ఒక కట్టడి చేసినది: ప్రజలు కాలిబంతి, గోల్ఫు మానవలెను, విలువిద్య అభ్యసించవలెను అని. ఇంగ్లండుతో వైరము గల రోజులవి. యువకులు అమ్ములపొది వదలి బంతుల వెంట పడుట ప్రభువులకు నచ్చలేదు. నిషేధించినంత మాత్రమున మానిపోయిన ఆట లోకములో అరుదు గనుక ఇదియు మానలేదు. 1744లో ఎడింబరో చెంత లీత్ అను చోట ఆడే పెద్దమనుషులు పదమూడు నిబంధనలు వ్రాసికొన్నారు. 1754లో సెయింట్ ఆండ్రూస్‌లో సంఘము ఏర్పడినది. 1829లో కలకత్తాలో క్లబ్బు వెలసినది. బ్రిటిషు దీవులకు వెలుపల నేటికిని నిలిచియున్న గోల్ఫు క్లబ్బులలో అంతకంటె పాతది లేదు. దొరలు పోయినను వారి ఆట మన దేశమున నిలిచినది. నేడు గోలకొండ కోటకు చేర్చి కట్టిన నయాఖిల్లా ఆవరణలో సైతము గోల్ఫు మైదానము ఉన్నది. అయినను క్రికెట్టు వ్యాఖ్యానము విని మురిసిపోయే మన ఇండ్లలో ఈ ఆటకు అంతటి చోటు దొరకలేదు. గంటల తరబడి నడచి, నడుమనడుమ ఒక్క క్షణము కొట్టే ఆటను చెవులతో విని ఆనందించుట కష్టమే.

ఆ ఒక్క క్షణమును గూర్చియే మేము ముచ్చటింపదలచినది. కర్రను బంతి వద్ద ఆనించి, వెనుకకు లేపి, భుజము మీదుగా త్రిప్పి, మరల దింపి, బంతిని తాకించి, ముందు భుజము మీదికి పోనిచ్చే ఊపును వారు స్వింగు అందురు. ఆటలోని దెబ్బలలో చిన్నవియు, దొర్లించేవియు వేరే ఉన్నవి గాని, గోల్ఫు అనగానే అందరి మనస్సును పట్టుకొనేది ఈ ఊపే.

లీత్ పెద్దలు నిబంధనలు వ్రాసికొనుటకు అర్ధశతాబ్దికి పైగా ముందే ఈ ఊపును గూర్చి ఆలోచించి వ్రాసినవాడొకడున్నాడు. అతని పేరు థామస్ కిన్‌కెయిడ్. ఎడింబరోలో వైద్యము చదువుకొనేవాడు. 1687లో అతడు వ్రాసికొన్న దినచర్య పుస్తకములో కత్తిసాము, విలువిద్య, మందులు, మాకులతో పాటు గోల్ఫు కూడ కనబడుచున్నది. చిన్న కత్తితో సాము చేయువానివలె కాళ్ళు కొంచెము వంచి నిలువవలెనట. అన్నిటికంటె ముందు నేర్వవలసినది బంతిని కచ్చితముగా తగిలించుట. బలము స్వల్పమైనను, సూటిగా తగిలిన బంతి చాల దూరము పోవును. బలము సంగతి ఆ తరువాత చూచుకొనవలెను. మూడు వందల సంవత్సరములు దాటినది. ఈ మూడు శతాబ్దులలో గోల్ఫు నేర్పుటకై అచ్చయిన పుస్తకములు ఒక గ్రంథాలయమునకు సరిపడును. కాని ముందు కచ్చితము, పిమ్మట బలము అని ఆ వైద్య విద్యార్థి పెట్టిన వరుసను త్రోసివేసినవారు లేరు. పాటించినవారును తక్కువే. కర్ర చేతికి వచ్చినవెంటనే శక్తికొలది బాదవలెనని ఎవనికైనను అనిపించును. అది మనుష్య స్వభావము.

పందొమ్మిదవ శతాబ్దిలో ఆట నేర్చినవారు పుస్తకములు చదివి నేర్వలేదు. కర్రల సంచులు మోయుచు పెద్దల వెంట తిరిగిన పిల్లలు చూచి, అనుకరించి నేర్చుకొన్నారు. అట్లాంటా నగరమున బాబీ జోన్సు అను బాలుడు, స్కాట్లండులోని కర్నూస్టీ నుండి వచ్చిన స్టూవర్ట్ మెయిడెన్ అను ఉపాధ్యాయుని వెంట తిరిగి, ఆయన ఊపును అచ్చుగ్రుద్దినట్లు ఎత్తుకొన్నాడు. పాఠము చెప్పించుకొన్నది తక్కువ, చూచినది ఎక్కువ. ఆ బాలుడే పెరిగి 1930లో ఆనాటి నాలుగు పెద్ద పోటీలను ఒకే సంవత్సరమున గెలిచి, ఇరువది ఎనిమిదవ యేట ఆట విరమించినాడు. 1931లో హాలీవుడ్డు వారు అతనిచేత గోల్ఫు పాఠములను పన్నెండు చిన్న చిత్రములుగా తీయించి సినిమాహాళ్ళలో చూపించినారు. వానిలో వింత ఏమన, జోన్సు ఊపును నెమ్మది చేసి తెరమీద చూపుట. కంటికి అందని వేగమును కెమేరా కంటికి అందించినది. ఏ అవయవము ముందు కదలుచున్నది, ఏది ఆగి ఏది సాగుచున్నది, చూచేవారు మొదటిసారి తాపీగా చూడగలిగినారు.

అంత తాపీగా చూడవలసిన అవసరమేమి? లెక్కలు చెప్పుకొంటే విశదమగును. మంచి ఆటగాడు కర్రను వెనుకకు లేపుటకు సుమారు ముప్పాతిక సెకను పట్టును. పైనుండి దింపి బంతిని తాకించుటకు పావు సెకను. కర్ర కొన బంతిని అంటియుండే కాలము సెకనులో సుమారు రెండువేలవ వంతు. ఇంగ్లండులో కాక్రన్, స్టాబ్స్ అను ఇరువురు 1968లో ప్రకటించిన పరిశోధన గ్రంథము ఈ విషయములను చక్కగా విడమరచి చెప్పినది. చేతిలో జరిగినదానిని మెదడు గ్రహించి, తిరిగి చేతికి ఆజ్ఞ పంపుటకు సెకనులో అయిదవ వంతు వరకు పట్టును. అనగా కర్ర దిగుట ఆరంభించిన పిమ్మట తప్పు తెలిసినను దానిని దిద్దుకొనుటకు వ్యవధి లేదు. ఉత్తరము పోస్టు డబ్బాలో పడినట్లే. ఇక కర్ర ముఖము ఒక్క డిగ్రీ ప్రక్కకు తిరిగినదనుకొందము: ఆ దిక్కుననే పోయిన బంతి 200 గజముల దూరమున మూడు గజములకు పైగా దారి తప్పును, దానికి పుట్టిన సుడి దానిని ఇంకను ప్రక్కకు లాగును.

కనుక దిద్దుకొనవలసినది ముందుగానే దిద్దుకొనవలెను. వేగము లేనప్పుడు, కన్నును మనస్సును కర్ర వెంట పోగలిగినప్పుడు దిద్దుకొనవలెను. అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ వుడ్‌వర్త్ 1899లోనే ఈ సంగతిని పరీక్షించి ప్రకటించినాడు. మనుష్యుల చేత గీతలు గీయించి, వేగము పెరిగినకొలది తప్పు పెరుగుటను అతడు కొలిచినాడు. అయితే కన్నులు మూసికొని గీసినప్పుడు నెమ్మదిగా గీసినను వడిగా గీసినను పెద్ద భేదము కనబడలేదు. నెమ్మదితనములో గొప్పతనము దానంతట అది లేదన్నమాట. చూచి దిద్దుకొనుటకు అది అవకాశమిచ్చును, అంతే. చూడకుండ నెమ్మదిగా చేసిన సాధన వ్యర్థమే.

మన సంగీత ఉపాధ్యాయులకు ఇది తెలియని విషయము కాదు. సరళీ స్వరములను మొదటి కాలములో నిలకడగా పలికించి, స్థానము కుదిరినదని తోచిన తరువాతనే రెండవ కాలమునకు, మూడవ కాలమునకు పోనిత్తురు. తొందరపడిన శిష్యుని చేత మరల మొదటి కాలమే పాడింతురు. అయితే మూడవ కాలము అసలే పాడనివానికి కచేరీ లేదు. గోల్ఫులోను అంతే. నెమ్మదిగా ఊపిన కర్రకు ఉండే బరువు వేరు, వడిగా తిరిగే కర్ర చేతులను లాగే లాగుడు వేరు. ఎల్లకాలము నెమ్మదిగానే ఊపుచు కూర్చున్నవాడు ఆటగాడు కాజాలడు. ఈ మాట చెప్పక నెమ్మదిని మాత్రమే పొగడు పుస్తకములు పాఠకునికి ఉపకారము చేయవని మా అభిప్రాయము.

నెమ్మది నేర్పినవారిలో ఎర్నెస్టు జోన్సు అను ఇంగ్లీషువాడు ఒకడు. పైన చెప్పిన బాబీ జోన్సుకు ఇతనికి పేరులో తప్ప సంబంధము లేదు. మొదటి ప్రపంచ యుద్ధమున ఫ్రాన్సులో పోరాడి 1916లో కుడికాలు మోకాలి దిగువను పోగొట్టుకొన్నాడు. గోల్ఫు నేర్పుట అతని జీవనోపాధి. ఊపుకు కాళ్ళే ఆధారమని, బరువు ఒక కాలి మీది నుండి మరియొక కాలి మీదికి మారవలెనని అందరు చెప్పే రోజులవి. కాలు పోయిన కొన్ని నెలలకే అతడు చంకకర్రల మీద మైదానమునకు పోయి, ఒంటికాలిమీద నిలిచి ఆడి, పదునెనిమిది గుంటలు 83 దెబ్బలతో ముగించినాడు. రెండు కాళ్ళు ఉన్నవారిలో ఎందరో జన్మమంతా ఆడినను చేరని సంఖ్య అది. అప్పుడు అతనికి తట్టినది: కాలు పోయినను దెబ్బ పోలేదే, కనుక దెబ్బ ఉండేచోటు కాళ్ళలో కాదు, చేతులు కర్ర కొనను తిప్పే తీరులో ఉన్నది. తరువాత అమెరికాకు పోయి, చేతిరుమాలు కొసకు చిన్న చాకు కట్టి శిష్యుల ముందు ఊపి చూపేవాడు. నెమ్మదిగా ఊపిన యెడల చాకు రుమాలును బిగువుగా లాగుచు గుండ్రముగా తిరుగును. కుదిపి తోసిన యెడల రుమాలు వదులై చాకు గంతులు వేయును. పాఠమంతయు ఇంతే. అతని శిష్యురాలు వర్జీనియా వాన్ వీ 1932 మొదలు 1934 వరకు వరుసగా మూడేండ్లు అమెరికా మహిళా అమెచ్యూరు పోటీ గెలిచినది.

ఇక ఈ విద్యకు తన సర్వస్వము ధారపోసినవాని కథకు వత్తము.

1912లో అమెరికాలో ముగ్గురు గోల్ఫు వీరులు పుట్టినారు: బైరన్ నెల్సన్, శామ్ స్నీడ్, బెన్ హోగన్. స్నీడ్ ఊపు పుట్టుకతో వచ్చినదని అనేవారు. నీరు పల్లమునకు పోయినట్లు కర్ర పోయేది. నెల్సన్ 1945లో వరుసగా పదునొకండు పోటీలు గెలిచినాడు. ఆ సంఖ్యను అందుకొన్నవారు నేటికిని లేరు. హోగన్‌కు అటువంటి వరమేదియు లేదు. పొట్టివాడు, బక్కపలుచని వాడు. తండ్రి టెక్సాసులో కమ్మరి; హోగన్‌కు తొమ్మిదేండ్ల వయస్సున, 1922లో, ఆ తండ్రి తుపాకితో తన ప్రాణము తీసికొన్నాడు. పిల్లవాడు ఫోర్ట్‌వర్త్ రైలుస్టేషనులో వార్తాపత్రికలు అమ్మినాడు. తరువాత గోల్ఫు క్లబ్బులో సంచులు మోసినాడు. నెల్సన్ కూడ అక్కడనే మోసేవాడు. 1927లో ఆ సంచులు మోసే పిల్లలకు జరిగిన పోటీలో ఇద్దరును సమానముగా నిలువగా, తిరిగి ఆడించినప్పుడు నెల్సన్ ఒక్క దెబ్బ తేడాతో గెలిచినాడు. అటు పిమ్మట పదమూడేండ్లు ఈ వరుస మారలేదని చెప్పవచ్చును.

పదునేడేండ్లకు, 1930లో, హోగన్ ఆటను వృత్తిగా చేపట్టినాడు. దేశమంతట ఆర్థిక మాంద్యము. చేతిలో డబ్బు లేదు. ఊపులో పెద్ద దోషము ఉన్నది. అతడు గట్టిగా కొట్టిన బంతి కొంతదూరము చక్కగా పోయి, కొడవలివలె ఎడమప్రక్కకు వంగి, చెట్లలో పడేది. ఆటవారు దానిని హుక్కు అందురు. దూరము కావలెనని బలముగా కొట్టినకొలది వంపు హెచ్చేది. పోటీలకు బయలుదేరుట, డబ్బు అయిపోవుట, ఇంటికి మరలివచ్చి ఏవో చిల్లర పనులు చేసి నాలుగు కాసులు కూడబెట్టుట, మరల బయలుదేరుట — ఇట్లు కొన్ని సంవత్సరములు గడచినవి. 1935లో వాలెరీని పెండ్లి చేసికొన్నాడు. 1938లో కాలిఫోర్నియాలోని ఓక్లండు పోటీనాటికి భార్యాభర్తల వద్ద మిగిలినది కొద్ది డాలర్లే. ఆడుటకు పోబోవు ఉదయమున చూతురు గదా, కారు చక్రములను రాత్రి ఎవరో దొంగిలించుకొని పోయినారు. కారు దిమ్మలమీద కూర్చుండి ఉన్నది. వేరొకరి బండి ఎక్కి వెళ్ళి ఆడినాడు. వచ్చిన కొద్దిపాటి బహుమానముతో ఆ పయనము ఆగిపోలేదు.

ఆ సంవత్సరములలో అతడు చేసినది ఒక్కటే: అభ్యాసము. ఆనాటి వృత్తి ఆటగాండ్రకు పోటీ ముందు ఒళ్ళు సడలించుకొనుటకు నాలుగు బంతులు కొట్టుటయే గాని, గంటల తరబడి ఒంటరిగా నిలిచి కొట్టే వాడుక అంతగా లేదు. హోగన్ పోటీకి ముందును కొట్టేవాడు, పోటీ ముగిసిన పిమ్మటను కొట్టేవాడు. దూరమున సంచీ పట్టుకొని నిలిచిన కుర్రవాడు బంతులు ఏరుచుండగా, చీకటి పడువరకు కొట్టేవాడు. హోటలు గదిలో అద్దము ముందు నిలిచి, బంతి లేకుండ, కర్రను మెల్లగా లేపి దింపి చూచుకొనేవాడు. పట్టును ఒక వెంట్రుకవాసి ఇటు జరుపుట, దాని ఫలితము చూచుట, మరల జరుపుట. ఒక మార్పు నిలిచినదని తోచువరకు రెండవ మార్పు జోలికి పోకుండుట. చూచినవారికి ఇది పిచ్చిగా తోచినది. తోటివారిలో కొందరికి అతని మౌనము గర్వముగా కనబడినది.

1940 మార్చిలో నార్త్ కెరొలైనాలోని పైన్‌హర్స్టున అతడు తన పేర తొలి పోటీ గెలిచినాడు. వృత్తిలో చేరిన పదియేండ్లకు! ఆ వెంటనే మరి రెండు గెలిచినాడు. 1940, 41, 42 సంవత్సరములలో అమెరికాలో బహుమాన ధనము అందరికంటె ఎక్కువ గడించినవాడు హోగనే. యుద్ధకాలమున వైమానిక దళములో పనిచేసినాడు. మరలివచ్చిన తరువాత, 1946లో, తన పాత శత్రువైన ఆ ఎడమవంపును కడకు అదుపులోనికి తెచ్చుకొన్నాడు. ఎడమచేతి పట్టును కొంత బలహీనపరచి, కర్ర పైకి లేచినప్పుడు ఎడమ మణికట్టును కొంచెము వెనుకకు వంచుటతో బంతి ఎడమకు వంగుట మానినది. కుడివైపునకు స్వల్పముగా ఒరగి, మెత్తగా వచ్చి దిగేది.

దీనినే లోకము హోగన్ రహస్యము అన్నది. 1955లో లైఫ్ పత్రిక వారు ఆ రహస్యమును అతనిచేత చెప్పించి ప్రకటించినారు. జనము ఎగబడి చదివినది, మణికట్లు వంచి చూచినది. వారి బంతులు మాత్రము పోవలసిన చోటికి పోలేదు. పోవుటకు కారణమును లేదు. అతని ఊపులోని అతని రోగమునకు అతడు కనిపెట్టుకొన్న మందు అది. ఎడమవంపు లేనివాడు, కుడివంపుతో బాధపడేవాడు — ఔత్సాహికులలో ఎక్కువమంది అట్టివారే — ఆ మందు మ్రింగిన యెడల రోగము ముదురును. పదహారేండ్లు వెదకి పట్టుకొన్న సంగతిని పత్రిక వెల ఇచ్చి ఒక సాయంకాలమున కొనవచ్చునని ఆశపడినవారిని చూచి నవ్వుటయా, జాలిపడుటయా అన్నది మాకు తోచలేదు.

1948లో అతడు అమెరికా ఓపెను పోటీని 276 దెబ్బలతో గెలిచినాడు. అంతవరకు ఆ పోటీలో అంత తక్కువ సంఖ్య ఎవరికిని రాలేదు. మరుసటి సంవత్సరము ఫిబ్రవరి 2వ తేదీ ఉదయమున, టెక్సాసులోని వాన్‌హార్న్ దాపున, పొగమంచులో లారీని దాటవచ్చిన బస్సొకటి హోగన్ దంపతుల కారును ఎదురుగా ఢీకొన్నది. హోగన్ చక్రము వదలి భార్యకు అడ్డుపడినాడు. ఆ క్షణమున చక్రపు ఇరుసు వచ్చి అతడు కూర్చుండిన చోటును పొడుచుకొని పోయినది. భార్యను కాపాడబోవుట చేతనే తానును బ్రతికినాడు. కటి ఎముక, మెడ ఎముక, ప్రక్కటెముక, ఎడమ చీలమండ విరిగినవి. కొన్ని దినములకు నెత్తురు గడ్డలు కట్టి ఊపిరితిత్తులకు ప్రాకగా, న్యూ ఆర్లియన్సు నుండి డాక్టరు ఆల్టన్ ఆక్స్‌నర్ వచ్చి, కాళ్ళ నుండి గుండెకు పోవు పెద్ద సిరను కట్టివేసి ప్రాణము నిలిపినాడు. అటు తరువాత జీవితమంతయు హోగన్ కాళ్ళు వాచెడివి, నొచ్చెడివి.

ఇల్లు చేరి, మొదట గదిచుట్టు నడచుట అభ్యసించినాడు. ఊపు అభ్యసించిన తీరుననే, కొద్దికొద్దిగా పెంచుచు. ఆ సంవత్సరాంతమునకు కర్ర పట్టినాడు. 1950 జనవరిలో లాస్ ఏంజిలిస్ పోటీలో స్నీడ్‌తో సమానముగా నిలిచి, తిరిగి ఆడినప్పుడు ఓడినాడు. జూనులో ఫిలడెల్ఫియా సమీపమున మెరియన్ మైదానములో అమెరికా ఓపెను. ఆ రోజులలో చివరి దినమున ముప్పదియారు గుంటలు ఆడవలెను. కాళ్ళకు కట్లు చుట్టుకొని, వేడినీళ్ళలో నానబెట్టుకొని వచ్చిన మనిషికి అది అగ్నిపరీక్ష. చిట్టచివరి గుంట వద్ద, గెలుపునకు దారి మిగులవలెనన్న యెడల రెండువందల గజములకు పైబడిన దూరము నుండి రెండవ దెబ్బ పచ్చికతిన్నె మీద నిలువవలెను. ఒకటవ నంబరు ఇనుపకర్ర తీసినాడు; సంచిలో అంతకంటె కొట్టుటకు కష్టమైన కర్ర లేదు. హై పెస్కిన్ అను ఛాయాచిత్రకారుడు అతని వెనుక నిలిచి, దెబ్బ ముగిసిన క్షణమును పట్టినాడు. ఆ చిత్రమున జనము రెండు బారులు తీరి ఉన్నారు. నడుమ, వీపు మాత్రము కనబడుచు, హోగన్ సమతూకము చెదరక నిలిచియున్నాడు. బంతి తిన్నె మీద ఆగినది. 287తో ముగ్గురు సమానులైనారు. మరునాడు హోగన్ 69, మంగ్రమ్ 73, ఫాజియో 75.

ఈ కథను 1951లోనే చలనచిత్రముగా తీసినారు. మృత్యువు నోటి నుండి బయటపడి పదహారు నెలలలో గెలిచినవాడన్నది సినిమాకు తగిన కథయే. కాని మాకు ఎక్కువ ఆలోచింపదగినవిగా కనబడునవి ఆ పదహారు నెలలు కావు, ముందటి పదహారేండ్లు. విరిగిన ఒంటిలో బలము పోయినది, నడక పోయినది, ఊపు పోలేదు. ఒంటికాలి ఎర్నెస్టు జోన్సు కనుగొన్న సంగతి వంటిదే ఇదియు.

1953లో మాస్టర్సు, అమెరికా ఓపెను గెలిచి, మొదటిసారి — అదే చివరిసారి — బ్రిటిషు ఓపెను ఆడుటకు కర్నూస్టీకి వచ్చినాడు. ఆ రోజులలో బ్రిటనులో బంతి అమెరికా బంతి కంటె కొంచెము చిన్నదిగా ఉండేది: 1.68 అంగుళములకు బదులు 1.62. ఈ కొద్ది భేదము కొరకు రెండు వారములు ముందుగా వచ్చి కూర్చున్నాడు. నాలుగు ఆటలలో 73, 71, 70, 68: ఆట ఆటకు తగ్గుచు వచ్చిన సంఖ్యలు. నాలుగు దెబ్బల తేడాతో గెలిచినాడు. మాటలాడని ఆ చిన్న మనిషిని స్కాట్లండు జనము తమ యాసలో మంచుమనిషి అని పిలుచుకొన్నారు.

1957లో హెర్బర్ట్ వారెన్ విండ్ సాయముతో వ్రాసి, ఆంథొనీ రావియెల్లి బొమ్మలతో ప్రకటించిన అయిదు పాఠముల పుస్తకము నేటికిని అమ్ముడు పోవుచున్నది. మొదటి పాఠమంతయు పట్టును గూర్చియే. రెండవ దానిలో నిలుచుట. మూడవ పాఠమునకు గాని కర్ర వెనుకకు కదలదు. బంతి నుండి భుజముల మీదికి వాలియున్న పెద్ద గాజుపలక ఒకటి ఉన్నట్లు భావించుకొని, దానిని పగులగొట్టకుండ కర్రను లేపవలెనట. ఓపిక లేని పాఠకులు నాలుగవ పాఠము తెరచి చదువుట మొదలుపెట్టుదురని మాకు అనుమానము.

ఇంత సాధన చేసినవానికి చివరికి చిక్కనిది ఒక్కటి ఉన్నది: బంతిని గుంటలోనికి దొర్లించే చిన్న దెబ్బ. వయస్సు మీరినకొలది కర్రను బంతి వెనుక ఉంచి, కదల్పలేక, చాలసేపు అట్లే నిలిచిపోయేవాడు. మూడు వందల గజములు పంపగల చేతులు మూడడుగులు పంపుటకు వెరచినవి. గంటల అభ్యాసము ఆ భయమును తీర్చలేకపోయినది. 1960లో అమెరికా ఓపెను అతనికి అందినట్లే అంది జారిపోయినది. ఫోర్ట్‌వర్త్‌లో, 1997 జూలై 25న, ఎనుబదినాలుగవ యేట కన్నుమూసినాడు.

మెరియన్‌లో ఆ చివరి గుంట ఆడిన సాయంత్రము, మరునాటి ఆటకు ముందే, ఒకటవ నంబరు ఇనుపకర్రను ఎవరో సంచిలో నుండి కాజేసినారు. ముప్పది సంవత్సరములకు పైగా దాని జాడ లేదు. 1980ల ఆరంభమున పాత కర్రలతో పాటు ఒకటి అమ్మకమునకు వచ్చి, చేతులు మారి, తుదకు హోగన్ వద్దకు చేరినది. అతడు చూచి తనదేనన్నాడు. పిమ్మట దానిని అమెరికా గోల్ఫు సంఘము వారి మ్యూజియమునకు ఇచ్చినారు. కర్ర ముఖము మీద నడుమభాగమున, చిన్న నాణెము పట్టునంత మేర మాత్రమే ఇనుము అరిగియున్నది.